లాక్ పట్టుకుని అడిగిన మెమరీ

ప్రియమైన మామయ్యగారికి,

మీ కోడలి నమస్కారాలు. మోకాలు ఎలా ఉంది? నడక మానేశారని అత్తయ్యగారు చెప్పేశారు, ఇక దాచకండి.

ఆసుపత్రుల్లో గుండె లయ చూపించే మన యంత్రం ఈ నెలలో రెండుసార్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. మెమరీ నిండినప్పుడే ఇలా అవుతోంది. దాన్ని లోపలినుంచి నడిపించే మూల ప్రోగ్రాం, మీరు రిటైరవుతూ నా చేతిలో పెట్టిన కెర్నెలే కదా, మీకేమైనా తోస్తోందా?

మీ కోడలు

ప్రియమైన కోడలు పిల్లకి,

మోకాలు భేషుగ్గా ఉంది. మీ అత్తయ్య మాటలు నమ్మకు.

ఇరవై ఏళ్లు నడిచిన కెర్నెల్ అది. నా కోడ్‌లో తప్పుండదు, రాసిపెట్టుకో. ఈ ఏడాది నువ్వు చేర్చిన రికార్డింగ్ భాగం చూడు. మీ కాలం వాళ్లు మెమరీని ఎడాపెడా వాడేస్తారు.

ఆశీస్సులతో,
మామయ్య

ప్రియమైన మామయ్యగారికి,

దొరికింది! కెర్నెల్‌లోని ఫైళ్ల విభాగం, మరెవరూ ఫైళ్లు ముట్టకుండా తన లాక్ పట్టుకుని, మెమరీ అడుగుతోంది. మెమరీ ఖాళీ లేదు. చోటు చేయడానికి కెర్నెల్ పాత డేటాను డిస్కులో రాయబోతుంది. అలా రాయాలంటే మళ్లీ ఆ లాకే కావాలి. లాక్ వదలాలంటే మెమరీ రావాలి, మెమరీ రావాలంటే లాక్ వదలాలి. ఇద్దరూ భీష్మించుకు కూర్చుంటున్నారు.

అందుకని లాక్ పట్టుకుని అడిగేటప్పుడు, "ఫైళ్ల జోలికి వెళ్లకుండా ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదని చెప్పు" అనే గుర్తు పెట్టాను. మూడు రోజులు మెమరీ కిటకిటలాడేలా నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు!

మీ మాటే నిజం, తప్పు నా రికార్డింగ్‌దే. ఆఫీసు నివేదికలో అలాగే రాశాను, మార్పుకూ నివేదికకూ నకళ్లు జతచేశాను. మార్పు సోమవారం ఆసుపత్రులకు వెళ్తుంది.

మీ కోడలు

ప్రియమైన కోడలు పిల్లకి,

నీ మార్పు మూడుసార్లు చదివాను. వంక పెట్టడానికి లేదు. నివేదికే అబద్ధం. గుర్తు పెట్టని ఆ లైను నాది, నీ పెళ్లికి పదకొండేళ్ల ముందు రాసింది. నీ రికార్డింగ్ మెమరీ నింపిందంతే. మామగారి పరువు కాపాడదామనుకున్నావు. సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది.

తప్పు నీదంటే ఆఫీసులో నీ కోడ్ ఒక్కటే వెతుకుతారు. అదే అలవాటుతో నేను ఇంకో మూడు చోట్ల లాక్ పట్టుకుని మెమరీ అడిగాను. అందులో ఒకటి పసిపిల్లల వార్డు యంత్రంలో ఉంది.

తప్పు నాదేనని మీ మేనేజరుకు ఫోన్ చేసి చెప్పేశాను. రేపటి బస్సుకు వస్తున్నాను. సోమవారానికి మిగతా మూడూ సరిచేసి, నాలుగూ కలిపి పంపుదాం. నేను దిద్దుతుంటే పక్కన కూర్చుని తప్పులు పట్టు. మామగారు కదా అని మొహమాటపడ్డావో, ఊరుకోను.

ఆశీస్సులతో,
మామయ్య