పాలపన్నులో నీళ్ళు

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. నువ్వూ, అల్లుడుగారూ, నీ కడుపులోని బుజ్జిప్రాణమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా ఉద్యోగం సంగతి అడిగావు. మ్యూజియం ఉపన్యాసాల హాల్లో కుర్చీలు వేయడం, మైకు సరిచూడడం, మాట్లాడేవాళ్ళకు మంచినీళ్ళు పెట్టడం మామూలే. ఈ నెలంతా తవ్వకాల మీదా, పాతకాలపు మనుషుల ఎముకల మీదా ఉపన్యాసాలు. జనం బాగానే వస్తున్నారు. అందులో సగం మంది ఏసీ కోసమేనని మీ నాన్న అనుమానం. చిన్నప్పుడు నువ్వు హోంవర్కు చేసుకున్న వెనక వరసలో ఇప్పటికీ ఒక కుర్చీ ఎక్కువ వేస్తాను. ఎవరైనా వచ్చి అందులో కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నిన్ను చూసి రెండేళ్ళయింది తల్లీ. బెంగగా ఉంది.

ఆమధ్య ఆ ఉపన్యాసాలిచ్చే ఎముకల మేడం పాతకాలపు పళ్ళతో పోల్చడానికి ఇప్పటివాళ్ళ పాలపళ్ళు కావాలంది. ఆవిడ పేరు నోరు తిరగక అందరం అలాగే అంటాం. దాచుకున్న నీ పన్ను ఒకటి ముందూ వెనకా చూడకుండా ఇచ్చేశాను. ఫారంలో 'కడుపుతో ఉన్నప్పుడు తల్లి నివసించిన ఊరు' అన్నచోట మన ఊరే రాశాను. 'బిడ్డకు ఏమవుతారు' అన్నచోట తల్లి అని రాశాను. ఉపన్యాసం మాత్రం ఆ తర్వాతి వారం విన్నాను. పాలపన్ను పైపొర బిడ్డ కడుపులో ఉండగానే తయారవడం మొదలవుతుందట. తల్లి తాగిన నీళ్ళ జాడ అందులో ఉండిపోతుందట. మేడం కోసం తెచ్చిన గ్లాసుడు నీళ్ళూ నేనే తాగేశాను.

నిన్న మేడం పిలిచింది. "ఈ పన్ను మన ఊరి నీళ్ళది కాదమ్మా. ఫారంలో ఊరు పొరపాటున రాశారా?"

"పొరపాటు కాదండీ, అబద్ధం," అన్నాను.

నిన్ను మోసినప్పుడు నాకూ ఇలాగే వాంతులయ్యాయా అని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. నేను మాట దాటేస్తూ వచ్చాను. నాకు తెలియదమ్మా. నిన్ను మోసింది నా చెల్లెలు, గోడ మీద ఫొటోలో నువ్వు పిన్నీ అని పిలిచే మనిషి. నీ కన్నతండ్రి నువ్వు పుట్టకముందే పోయాడు. నీకు పది నెలలప్పుడు జ్వరంతో అదీ పోయింది. నేనే వెళ్ళి నిన్ను తెచ్చుకున్నాను. బస్సులో దారంతా ఏడ్చి, మన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద నిద్రపోయావు. చెబితే ఎక్కడ దూరమైపోతావోనని ఇన్నేళ్ళూ భయపడ్డాను.

చెల్లెలికి అయిదో నెల దాకా వాంతులేనట. నిమ్మకాయ వాసన చూస్తే గానీ ముద్ద దిగేది కాదని రాసింది. నీకూ పనికొస్తుందేమో చూడు. దాని ఉత్తరాలన్నీ ఈ కవర్లో పెడుతున్నాను. అవి నీవి.

మేడం ఫారం తిరిగి ఇచ్చింది. మన ఊరి పేరు కొట్టేసి చెల్లెలి ఊరు రాశాను. కింద 'తల్లి' అన్న మాట మీద కూడా కలం పెట్టి, మళ్ళీ తీసేశాను. వరసకు నేను నీకు పెద్దమ్మనే. దాన్ని కొట్టేయాలో, ఉంచాలో నువ్వే రాయి.

ఇట్లు,
కనీసం నీ జవాబు వచ్చేదాకా,
నీ అమ్మ