సొరకాయ కూర, లాకుల దాకా నడక

ఏమండీ,

బస్సుకి టైమైంది. రేపల్లెలో అక్కను చూసి ఎల్లుండి వస్తాను. సొరకాయ కూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. ఆవకాయ జాడీ కోసం వెతకొద్దు, పక్కింటి బసవమ్మగారికి ఇచ్చాను. పొద్దున్నే కాలవగట్టున లాకుల దాకా నడవండి, మధ్యలో హోటల్లో కూర్చోకండి.

"నాకేం జబ్బని ఈ గడ్డి తినాలి?" అని నిన్న కంచం ముందు విసుక్కున్నారు. నిజమే, మీకు ఏ జబ్బూ లేదు. ఇద్దరి రక్తపరీక్ష కాగితాలూ ఆస్పత్రి నుంచి తెచ్చింది నేనే. షుగరు నాకు. నాకని చెబితే ఈ ఇంట్లో వంట మారదని, మీకే ఉందని చెప్పాను. మీకు తోడంటూ రోజూ నేను నడిచేదీ అందుకే.

శ్యామలాంబ

జబ్బు నాదని తెలిశాక రేపు మీరు నడిచారో లేదో, వచ్చి బసవమ్మగారిని అడుగుతాను.