కొత్త ఇంట్లో అక్క, ఆగిపోయిన నెట్

నవంబరు 9
సామాను దిగింది. అత్వెల్లి నుంచి దేవరయాంజాల్ ఎంత దూరమని... అయినా ఒళ్లు హూనం. నెట్ మాత్రం రాలేదు. పై వాటాలో ఓనరు ఆంటీ వాళ్ల వైఫై స్లాబు దాటి కిందికి అందదు. అందుకే వాళ్ల కనెక్షన్ నుంచి మాకో వైరు దింపారు. మా పాత రౌటరుకు తగిలించాం. ఫోనులో వైఫై గుర్తు ఉంది. దాని కిందే — ఇంటర్నెట్ లేదు.

నవంబరు 10
ఇంకా లేదు. ఎల్లుండి పొద్దున మేడ్చల్‌లో రేణుకకు కాన్పు ఆపరేషన్. అక్కకు పనిలో పరిచయమైన ఆమె. వినపడదు. డాక్టరు మాటల్ని అక్క వీడియోలో సైగలు చేసి చెప్పాలి. లోపలికి బయటివాళ్లను రానివ్వరు, నర్సు ఫోను పట్టుకుంటుందట.

మా నాయినకూ వినపడేది కాదు. ఇద్దరం ఆయన చేతులు చూస్తూ పెరిగాం. నేను బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. అక్కకు ఆ సైగలే పని అయ్యాయి.

ఇంట్లో ఫోను సిగ్నల్ ఒక్క గీత. "రోడ్డు మీదికి పోయి మాట్లాడొచ్చు గదా అక్కా..."

"ఆమె కడుపు సంగతి రోడ్డు మీద నిలబడి చెప్పాల్నా?"



నవంబరు 11
అక్కకు విసుగే రాదా! నేనైతే ఆ రౌటరును నేలకేసి కొట్టేదాన్ని.

ముందు వైరు పీకి నా లాప్‌టాప్‌కు పెట్టింది. నెట్ వచ్చింది! కానీ దాని కెమెరా ఎప్పుడో పోయింది. "సూడు, వైరు మంచిగనే ఉంది. తప్పు మన డబ్బాలనే ఉన్నది."

రౌటరు సెట్టింగులు తెరిచింది. అత్వెల్లి కనెక్షన్ పేరు, పాస్‌వర్డు ఇంకా అందులోనే. తీసేసింది. అయినా రాలేదు. చాయ్ తాగింది. మెట్లెక్కి పైకి వెళ్లింది.

ఆంటీ గుమ్మంలోనే — "మా దాన్ని మాత్రం కదపకండమ్మా, మావారు మీటింగులో ఉన్నారు."

"ముట్టుకోను ఆంటీ, దాని కింద రాసున్న నంబరు సూస్త, అంతే."

నవ్వుకుంటూ దిగింది. పైనున్న రౌటరుకూ మాదానికీ ఒకటే అడ్రసు! "రెండిండ్లకు ఒక్కటే నంబరుంటే వచ్చినోడు యాడికి పోతడు? గందుకే పరేషాన్ అయితాంది." మాదాని నంబరు మార్చింది. ఆపి, మళ్లీ వేసింది.

వచ్చింది!

నేను గంతులేస్తున్నాను. అక్క అప్పుడే రేణుకకు వీడియో కలిపేసింది. భయంతో ఇంతైపోయిన ముఖం... అక్క చేతులు నెమ్మదిగా కదులుతుంటే కాస్త కాస్త తేరుకుంది. చూస్తూ నిలబడిపోయాను.

నవంబరు 12
ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. మత్తుసూది నుంచి కుట్ల దాకా డాక్టరు మాట ఒక్కటీ పోనివ్వలేదు అక్క. పాప ఏడ్చిందని కూడా ఆమే చెప్పింది — గుప్పిట తెరిచి, నోటి దగ్గర పెట్టి. రేణుక అదే చేసి చూపించింది తిరిగి.

నవంబరు 14
పాపకు వినికిడి పరీక్ష చేశారు. ఏదీ తేలలేదు. కొన్నాళ్లాగి మళ్లీ చేస్తారట.

సాయంత్రం రేణుక వీడియోలో అక్కను అడిగింది. పక్కనే ఉన్నాను, సైగలు నాకూ అర్థమయ్యాయి. "వినబడాలని మొక్కుకోవాల్నా? నా లెక్కనే ఉండాలని మొక్కుకోవాల్నా?"

అక్క చేతులు లేచాయి. అక్కడే ఆగిపోయాయి.

నెట్ పోయి బొమ్మ ఆగిందేమో అనుకుని రేణుక అటునుంచి ఫోను ఊపుతోంది...