నీ కార్డు వెనకాల ఎర్ర తీగ

రాజన్నా, నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఈ అరబ్బు దేశానికొచ్చి రుమైథియాలో మనం పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీని విప్పేశారు. ఆ తుక్కును లారీలో తీసుకెళ్ళింది నేనే.

మనం డిజైన్ చేసిన సర్క్యూట్ కార్డులు ఆ తుక్కులో ఇంకా పక్కపక్కనే ఉన్నాయి. కాల్ ఎటు పోవాలో తేల్చే లాజిక్ నీది, నంబర్లు దాచే మెమరీ నాది. కాల్స్ ఒకరికి చేస్తే ఇంకొకరికి పోతున్నాయని గొడవైనప్పుడు, "మా తమ్ముని మెమరీనే నంబర్లు మర్చిపోతున్నది సార్" అని మేనేజరుకు చెప్పావు. ఖలాస్, నీ పని అయిపోయిందని నన్ను ఇంటికి పంపారు. మళ్ళీ వచ్చింది డ్రైవరుగానే.

నా కార్డును ఎవరూ ముట్టుకోలేదు. నీ కార్డు వెనకాల మాత్రం తర్వాత వేసిన ఎర్ర తీగ ఉంది. కొస ముడివేసి సోల్డరింగ్ చేసే అలవాటు నీ ఒక్కడిదే. తప్పు నీదని తెలిసి, చప్పుడు చేయకుండా సరిచేసుకున్నావు. నాకొక్క ముక్క రాయలేదు.

నన్ను ఇంటికి పంపిన రోజు ఎయిర్‌పోర్టులో నన్ను పట్టుకుని ఏడ్చావు గదన్నా. ఆ ఏడుపు నా కోసమనుకున్నాను.