మన క్యాంపు రింగులు

రాజన్నా,

నువ్వు చనిపోయి ఈ రోజుకు ఏడాది. నువ్వు చదవలేవని తెలిసీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి అడగాల్సింది నిన్నే.

నీ తరువాత మన కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టు నా చేతికొచ్చింది. నీ రోజుల్లోలాగే మనముండే అల్ హైల్ లేబర్ క్యాంపులో ఆడినవన్నీ గెలిచాం, బయట అన్నీ ఓడాం. ఈ ఎండల్లో మ్యాచ్‌లుండవు కనుక ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో కాగితం మీద రాసుకున్నాను. మొదట మేస్త్రీ ఎల్లయ్య పేరు కొట్టేశాను. అతని బదులు అల్ అమెరాత్ సైట్ నుంచి డ్రైవర్ సలీంను పిలిపించాను. ఆరడుగుల మనిషి, అక్కడ వేసిన బంతల్లా రింగులో పడుతుందట. మన దగ్గర పది వేస్తే ఒక్కటీ పడలేదు.

"నిషానా బరాబరే ఉంది భాయ్, బాల్ బయటికి పోతాంది," అన్నాడు సలీం.

ఎల్లయ్య నిచ్చెనెక్కి, గోడలు కట్టేటప్పుడు వాడే రసమట్టం రింగు మీద పెట్టి చూశాడు.

"అన్నా, రింగే ఎడమకు వంగింది. మనం గీ వంకర మీదనే నేర్చుకున్నం, గందుకే బయట పడ్తలేవు," అన్నాడు.

అవతలి రింగు కూడా చూశాం. ఎదురుగా నిలబడితే అదీ ఎడమకే, సరిగ్గా అంతే వంగి ఉంది.

ఎల్లయ్య పేరు మళ్లీ రాశాను. సలీంనూ ఉంచుకున్నాను. రింగులు కోయించి తిన్నగా పెట్టించాను.

కానీ రాజన్నా, ఆ రెండూ వెల్డింగ్ చేసింది నువ్వే. నీ చేతి గేటు ఒక్కటి కూడా వెంట్రుకవాసి వంగగా నేను చూడలేదు. మన దగ్గర ఓడిపోయిన జట్టుకు నువ్వే చాయ్ పోసేవాడివి. వాళ్లు బస్సెక్కి వెళ్లాక, రింగు వైపు చూసి ఎందుకు నవ్వుకునేవాడివి?