ఆల్చిప్ప మీద అమ్మ చేతి నీడ

అన్నా, ఈ ఉదయం తొమ్మిదింటికి కొత్త ఆల్చిప్ప తెరుచుకుంది. నువ్వు పోయాక నీ ఉప్పునీళ్ల అక్వేరియంలో పాతది చచ్చిపోయింది. ఇదీ బతక్కపోతే అక్వేరియం ఎవరికైనా ఇచ్చేద్దామంది అమ్మ.

నిన్న దీన్ని హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు తెచ్చాను. నేరుగా నీళ్లలో వదలబోతే అమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"కొత్త గొర్రెను తేంగనే మందల కలుపుతమారా? జర ఆగు."

అక్వేరియం నీళ్లు కొంచెం కొంచెంగా అది వచ్చిన ప్లాస్టిక్ సంచిలో పోస్తూ అలవాటు చేశాం. తర్వాత అడుగున ఇసుకలో పెట్టాం. నిన్నంతా మూసుకునే ఉంది.

ఇవాళ, నువ్వున్నప్పుడు చెప్పిన పరీక్ష చేశాం. అమ్మ పైనుంచి చెయ్యి ఆడించింది. నీడ పడగానే ఆల్చిప్ప ముడుచుకుంది. అంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

"నన్ను సూసి సిగ్గువడ్డది" అంది అమ్మ.

వెలుతురుతో బతికే రకం కదా, ఆదివారం దాన్ని లైటుకు దగ్గరగా, రాయి మీదికి మారుస్తాం. నీళ్లలో చెయ్యి పెట్టేది అమ్మే.