సముద్రం వైపు తుప్పు

కుప్పం,
3 ఫిబ్రవరి 1984

అబ్బాజాన్‌కు ఖైరున్నీసా సలాములు.

మీ కార్డు నిన్న అందింది. మన ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా మీరు మిషన్ బడిలో నేర్చుకున్నదీ, నాకు నేర్పిందీ ఈ తెలుగు అక్షరాలే. కాబట్టి నా కోపం కూడా తెలుగులోనే రాస్తున్నాను. మీరు అడిగిన పని నేను చేయను.

నోరా డాక్టరమ్మ మదనపల్లె ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి ఐర్లండుకు తిరిగి వెళ్లిపోతున్నారని రాశారు. పద్దెనిమిదో తేదీన ఆమెకు వీడ్కోలు సభ అనీ, మన ఆరు ఇంజను బొమ్మలూ అక్కడ బల్ల మీద పెడతారనీ, తర్వాత ఆమె వాటిని తమ ఊరి మ్యూజియానికి పట్టుకెళ్తారనీ రాశారు. చాలా సంతోషం. కానీ ప్రతి బొమ్మ ముందూ 'చేసినవారు: అలావుద్దీన్, పుంగనూరు' అని అట్ట పెట్టిస్తున్నారట. ఎవరైనా ఏమైనా అడిగితే మీ కుర్చీ వెనక నిలబడి జవాబు మీ చెవిలో చెప్పాలట నేను. అది చాలదన్నట్టు, సభ ఏర్పాట్లు చూస్తున్న వెంకటరమణ మాస్టారు "ఇంజన్లు మురికిగా ఉండాయి, కొత్త రంగు కొట్టియ్యండి సాయిబూ" అంటే మీరు సరేనన్నారట!

అబ్బాజాన్, మీరు మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. పన్నెండేళ్ల కిందట, 1972లో, డాక్టరమ్మ పుంగనూరులో మన అంగడికి ఒక పాత ఫోటో పట్టుకుని వచ్చారు. లాంతర్లూ గరాటాలూ చేసే మిమ్మల్ని రైలింజను చేయమన్నారు. వాళ్ల నాన్న ఐర్లండులో ఇంజను డ్రైవరు. ఆయన నడిపిన ఆరు చక్రాల గూడ్సు ఇంజను అది. మీరు కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి, టంకం పెట్టి, బూడిదరంగు వేసి నెల రోజుల్లో చేశారు. అద్దంలా మెరిసింది. ఆమె చాలాసేపు చూసి, "బాగుండాది అలావుద్దీన్. కానీ ఇది మా నాయన ఇంజను కాదు. మా నాయనది ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదు" అన్నారు. మీరు ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు శుక్రవారం. మీరు నమాజుకు వెళ్లినప్పుడు నేను ఆ ఇంజను తీసుకున్నాను. అప్పుడు నాకు పదహారేళ్లు. దీపం మసి నూనెలో కలిపి పొగగొట్టం చుట్టూ పూశాను. పాత తలుపు బందు మీది తుప్పు గీకి, నూరి, అంచులకు అద్దాను. బాయిలరు మీద నీళ్లు కారి ఎండిన చారలకు సున్నం వాడాను. మీరు వచ్చి "ఏం చేసినావే!" అని చెయ్యెత్తారు. ఆ చెయ్యి దిగకముందే, పనికి డబ్బులిచ్చి పోదామని వచ్చిన డాక్టరమ్మ గుమ్మంలో. ఆమె బొమ్మను అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఏడ్చారు. "ఎవరు చేసినారు?" అంటే మీరు "నేనే, డాక్టరమ్మా" అన్నారు.

అది చిన్న అబద్ధం అనుకున్నాను. నాన్న పరువు కదా అనుకున్నాను. కానీ తర్వాత ఆమె అడిగి చేయించుకున్న ఐదు ఇంజన్లకూ రేకు కత్తిరించింది నేను. టంకం పెట్టింది నేను. కుప్పం వచ్చాక స్టేషన్లో నీళ్ల కోసం ఆగే గూడ్సు ఇంజన్లను ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో మీ అల్లుడు జహీర్‌ను అడగండి. ఇంజను మురికి అంటే ఇష్టమొచ్చినట్టు చల్లే బూడిద కాదు. మసి పైన పడుతుంది, బురద కింద అంటుతుంది, నూనె ఇరుసుల దగ్గర ఊరుతుంది. డ్రైవరు చేత్తో పట్టుకుని ఎక్కే కమ్మీ మాత్రం ఎంత పాత ఇంజనుకైనా తళతళలాడుతుంది. యుద్ధకాలంలో బొగ్గు దొరక్క వాళ్ల దేశంలో చిత్తడినేల కోసి ఎండబెట్టిన మట్టిపెళ్లలు కాల్చారట. ఆ పొగ మరక నలుపు కాదు, గోధుమరంగు. ఆ ఒక్క రంగు కోసం నాకు మూడు నెలలు పట్టింది. దాని మీద కొత్త రంగు కొడతారా?

ఎవరినీ ముట్టుకోనివ్వకండి. నేను సభకు వస్తాను. మీ కుర్చీ వెనకకు మాత్రం రాను.

మీ కూతురు,
ఖైరున్నీసా


కుప్పం,
20 ఫిబ్రవరి 1984

అబ్బాజాన్‌కు,

సలాం. మీరు సభ మధ్యలో లేచి వెళ్లిపోయారు. మీ వెనకే వచ్చిన జహీర్ మదనపల్లె బస్టాండులో పిలిచినా తల తిప్పుకుని పుంగనూరు బస్సు ఎక్కేశారట. కాబట్టి తర్వాత ఏం జరిగిందో మీకు తెలియదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. క్షమించమని అడగడానికి కాదు.

ఒక నిజం ముందు చెబుతాను. నేను ఆ రోజు నోరు విప్పాలని రాలేదు. అంతకుముందు ఉత్తరంలో అంత రాసినదాన్నే. అయినా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో బంతిపూల దండతో, వేదిక మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్న మిమ్మల్ని చూడగానే మనసు మెత్తబడింది. ఆడవాళ్ల వరుసల్లో చివర కూర్చున్నాను. ఇంజన్లకు కొత్త రంగు వేయలేదు, అదే పదివేలనుకున్నాను. మాస్టారు మైకులో "అలావుద్దీన్ గారి చేతి మహిమ" అన్నప్పుడు అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. జహీర్ మగవాళ్ల వైపు నుంచి తిరిగి చూశాడు. నేను తల దించుకున్నాను.

అప్పుడు డాక్టరమ్మ ఆరో ఇంజను చేతిలోకి తీసుకున్నారు. పోయిన ఏడాది చేసిన చిన్న ఇంజను అది. అటూ ఇటూ తిప్పి చూసి మిమ్మల్ని అడిగారు: "అలావుద్దీన్, దీనికి ఒక పక్క ఇంత తుప్పు పెట్టినావు. ఇంకో పక్క ఏమీ లేదు. యాల?"

మీరు నా కోసం వెనక్కి చూశారు. నేను లేను. నుదురు తుడుచుకుని అన్నారు: "తప్పు జరిగిపోయినాది డాక్టరమ్మా. ఆ పక్క చెయ్యి జారింది. రేపే రంగు కొట్టి సరిచేసిస్తా."

అబ్బాజాన్, నా పేరు మీరు తీసుకుంటే ఊరుకున్నాను. పన్నెండేళ్లు ఊరుకున్నాను. కానీ నేను చేసినవాటిలో అన్నిటికన్నా మంచి పనిని మీరు నలుగురిలో తప్పు అన్నారు. దాని తరఫున క్షమాపణ అడిగారు. కాళ్లు వాటంతట అవే లేచాయి.

"అది తప్పు కాదు!" అన్నాను.

మాస్టారు "ఎవరమ్మా నువ్వు? కూర్చో" అన్నారు.

"కూర్చోను. ఆ ఇంజను చేసింది నేను."

అప్పుడే మీరు దండ తీసి కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయారు. మీ వెనక తలుపు ఊగుతూనే ఉంది. ఎవరో "బురఖాలో ఇంజను డ్రైవరు!" అన్నారు. నవ్వులు. నా చెవులు మండిపోయాయి. అయినా కూర్చోలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. ఓదార్చనూ లేదు. రోగిని పరీక్ష చేసేటప్పుడు చూసినట్టు చూసి, "అయితే నువ్వు చెప్పు. ఈ పక్కనే తుప్పు యాల?" అన్నారు.

చెప్పాను. "నా పెండ్లికి ముందు మా అంగట్లో మీరే చెప్పినారు డాక్టరమ్మా. నేను తెర వెనక ఉండాను. మీ నాయన చివర్లో నడిపిన ఆ కొస లైనులో ఇంజన్ని తిప్పే వసతి లేదని చెప్పినారు. పోయేటప్పుడు ముందుకు పోతాది, వచ్చేటప్పుడు అట్లే వెనక్కి వస్తాది. ఎట్లా పోయినా సముద్రానికి ఒకే పక్క. ఉప్పుగాలి ఆ పక్కనే కొట్టుంటాది. ఇంకో పక్క కొండ అడ్డం. అందుకే ఆ పక్క తుప్పు, ఈ పక్క మసి."

ఆమె బొమ్మను బల్ల మీద పెట్టి మెల్లగా కూర్చున్నారు. "మా నాయన కోటు కూడా అట్లే ఉండేది. ఒక భుజం మాత్రమే వెలిసిపోయి" అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో నాకు తెలియలేదు.

తర్వాత అట్టల మాట వచ్చింది. నా పేరు రాస్తారని మీరు అనుకుంటూ ఉండొచ్చు. రాయలేదు. సభ అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "నువ్వు చెప్పింది నిజమని నాకు తెలిసింది. కానీ ఈ బొమ్మలు నేను అలావుద్దీన్ చేతి నుంచి తీసుకున్నా. ఆయన వచ్చి చెప్పేదాకా ఆయన పేరు కొట్టెయ్యను. మార్చి మొదట్లో పెట్టెలకు మేకులు కొడతారు" అన్నారు.

కాబట్టి అది మీ చేతిలో ఉంది. మిమ్మల్ని బతిమాలను. మీరు చెప్పకపోతే ఆ ఆరూ మీ పేరుతోనే సముద్రం దాటి పోతాయి. పోనివ్వండి. ఏడోది మొదలుపెట్టాను. దాని మీద ఎవరి పేరుండాలో నేనెవరినీ అడగను. కుప్పంలో దిగాక జహీర్, "నువ్వు లేస్తావనుకోలేదు. లేచినాక కూర్చుంటావేమోనని భయపడినా" అన్నాడు. నాకు అది చాలు.

ఖైరున్నీసా


పుంగనూరు,
28 ఫిబ్రవరి 1984

బేటీ ఖైరూకు దువా.

నలుగురిలో నా తల వంచావు. దాన్ని నేను మరిచిపోను. నువ్వు క్షమాపణ అడగనన్నావు. అడిగినా నేను ఇచ్చేవాణ్ణి కాదు. ఈ మాట ముందే రాస్తున్నాను, తర్వాత రాసేది చదివి నేను లొంగిపోయానని అనుకుంటావని.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. మొదటి ఇంజను చేసిన మరుసటి ఏడాది పెద్దమండ్యం నుంచి నీకు ఒక సంబంధం వచ్చింది. వాళ్లు మనకు తగరని నీతో చెప్పి మాట మార్చాను. నిజం అది కాదు. వచ్చిన ఆడవాళ్లు నీ చేతులు చూశారు. గోళ్లలో మసి, వేళ్ల మీద టంకం కాలిన మచ్చలు. "మగోళ్ల అంగట్లో నిప్పుతో పనిచేసే పిల్లను మేం యాడ తీసుకుపోయేది?" అని బయటికి వెళ్తూ వెళ్తూ నాకు వినిపించేలా అన్నారు. మీ అమ్మ లేదు. ఆ మాట నేనొక్కణ్ణే విన్నాను. ఆ రోజు నుంచి, మా అమ్మాయి అంగట్లో అడుగు పెట్టదు, అన్నీ నేనే చేస్తానని ఊరంతా చెప్పుకుంటూ వచ్చాను. నీ చేతులను దాచాను. ఆ అబద్ధం నీ కోసమే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఆపడం చేతకాలేదు. నీ పెళ్లి అయిపోయి తొమ్మిదేళ్లు. జహీర్‌కు నీ చేతుల సంగతి మొదటి రోజే తెలుసు. ఇక ఎవరి కోసం దాచాను? బస్టాండులో నలుగురు "ఉస్తాద్" అని లేచి నిలబడితే తియ్యగా ఉండింది ఖైరూ. ఆ తీపి కోసం దాచాను. ఇది నిజం.

నిన్న సోమవారం మదనపల్లె వెళ్లాను. డాక్టరమ్మ పుస్తకాలు సర్దుతున్నారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే చెప్పాను: "డాక్టరమ్మా, పన్నెండేండ్లు నీకు అబద్ధం చెప్పినా. నా బిడ్డ చెప్పిందే నిజం." ఆమె కొత్త అట్టలు తీసి, "ఏమని రాయమంటావు?" అన్నారు. "ఖైరున్నీసా, కుప్పం" అన్నాను. "అలావుద్దీన్ కూతురు అని రాయనా?" అన్నారు. వద్దన్నాను.

అయితే ఐదింటికే. మొదటి దానికి రేకు కత్తిరించింది నేను, టంకం నాది, చక్రాలు నావి. నువ్వు మసి పూశావు. దాని మీద ఇద్దరి పేర్లూ రాయించాను, నాది ముందు. నీకు కోపం వస్తే రానీ. ఆ ఒక్కటీ ఎవరికీ ఇవ్వను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు కుప్పం వస్తున్నాను. ఏడోది మొదలుపెట్టానన్నావు కదా. ఆ తుప్పు ఎలా పెడతావో నా ఎదురుగా కూర్చుని చూపించు. నలభై ఏళ్లుగా రేకు పని చేస్తున్నవాణ్ణి, తప్పు కనబడితే తప్పనే అంటాను. కాకపోతే ఈసారి, ఎందుకలా చేశావో ముందు నిన్ను అడిగి అంటాను.

మీ నాన్న,
అలావుద్దీన్